ఖర్జూరపు పాకం డబ్బాపై నేను జరిపిన విచారణ

నాకు జరిగిన అన్యాయాలు, తేదీల వారీగా:

1990 ఆగస్టు 2. తెల్లవారేసరికి ఇరాక్ సైన్యం కువైట్‌లో ఉంది. నాకు ముందుగా ఎవరూ తెలియజేయలేదు.

అదే నెల, రెండో వారం. మా కఫీల్, అంటే నాకు వీసా ఇచ్చిన యజమాని, తన పాత లారీ తాళాలు నా అరచేతిలో పెట్టి, "యల్లా, ఇక మీ దారి మీరు చూసుకోండి" అని సౌదీ వైపు వెళ్లిపోయాడు. తాళాలు ముట్టినట్టు రసీదు రాసి ఇస్తానన్నాను. కారు అద్దం ఎక్కించేశాడు.

సెప్టెంబరు, ఒక సోమవారం. నా ఎడమ బూటులోకి ఎక్కడినుంచో తడి చేరింది.

మంగళవారం. అదే బూటు. తడికి తీపి వాసన తోడయింది.

బుధవారం. నా రెండు పాదాలు ఉడికాయి.

వీటిలో మొదటిదాని గురించి ప్రపంచ దేశాలన్నీ కూర్చుని చర్చించాయి. మిగిలిన నాలుగింటిని ఏ దేశమూ పట్టించుకోలేదు. కాబట్టి ఆ పని నేనే చేయవలసి వచ్చింది. చదువరులకు ముందే మనవి చేస్తున్నాను: ఇది ఒక మహా ప్రమాదం వృత్తాంతం. ప్రాణనష్టం లేదు. పరువు నష్టం మాత్రం సంపూర్ణం, ఆ పరువు పూర్తిగా నాది.

అప్పట్లో నేను కువైట్‌లోని సులైబియాలో ఒక గిడ్డంగిలో స్టోర్‌కీపరును. ముప్ఫై ఏళ్లు కొత్తగా నిండిన వయసు. లోకంలోని వస్తువులన్నీ రెండే రకాలని గట్టిగా నమ్మేవాణ్ణి: చీటీ అంటించినవి, ఇంకా అంటించవలసినవి. గిడ్డంగిలో ఫ్యానుకు చీటీ, బకెట్టుకు చీటీ. ఒకసారి నిద్రపోతున్న కాపలాదారు చొక్కాకు కూడా అంటించానని గిట్టనివాళ్లు చెబుతారు. అది నిజమే కాని, ఈ వృత్తాంతానికి సంబంధం లేదు.

మా కఫీల్ లారీ ఏదో చలిదేశంలో పుట్టి, అక్కడ ముసలిదై, విశ్రాంతి కోసం కువైట్ చేరినట్టుండేది. ఆ చలిదేశం వాళ్లు దానికొక హీటరు పెట్టారు. ఇంజనులో కాగిన నీటిని పైపుల ద్వారా డ్రైవరు పక్క సీటు ముందున్న పెట్టెలోకి పంపి, ఆ వేడితో లోపలి మనుషులకు వెచ్చదనం కలిగించే ఏర్పాటు. కువైట్‌లో! వేసవిలో స్టీరింగు పట్టుకోవడానికే చేతికి గుడ్డ చుట్టుకునే ఊళ్లో! ఏటా జరిపే తనిఖీలో నేను ఆ హీటరు మీట మీద "వాడుకలో లేదు" అని చీటీ అంటించి, సంతకం పెట్టి, దాని ఉనికిని నా మనసులోంచి తొలగించాను.

ఈ చీటీయే నా కొంప ముంచింది. ఎలాగో వినండి.

కువైట్‌లో ఇక ఉండలేమని తేలిన తరువాత, ఆ లారీలో బస్రా, బాగ్దాద్ మీదుగా జోర్డాన్ సరిహద్దు చేరాలని నిర్ణయించాం. అక్కడినుంచి మనవాళ్లను విమానాల్లో ఇంటికి పంపుతున్నారని కబురు వచ్చింది. డ్రైవరు మహబూబ్ బాషా, రాయచోటి మనిషి, నవ్వకుండా ఎదుటివాణ్ణి నవ్వించగలిగినవాడు. వెనుక, టార్పాలిన్ కింద, మన జిల్లాల మగవాళ్లు నిలబడటానికి కూడా వంతులు వేసుకునేంత మంది. ముందు కేబిన్‌లో బాషా పక్కన లక్ష్మీదేవమ్మ, ఆమె పక్కన కిటికీ వైపు నేను. లారీలో ఆమె ఒక్కతే ఆడమనిషి.

లక్ష్మీదేవమ్మ సల్వాలో ఒక కువైటీ ఇంట్లో పనిచేసేది. ఊరు కడప జిల్లా. ఆమె యజమానురాలు, అంటే ఆమె నోట "మామా", ఇల్లు విడిచి పోతూ ఈమెకొక ఖర్జూరపు పాకం డబ్బా ఇచ్చి పోయింది. అరబ్బులు దానిని దిబ్స్ అంటారు; చిక్కగా, నల్లగా, మన బెల్లం పాకంలా ఉంటుంది. మూతతో బిగించిన ఆకుపచ్చ రేకు డబ్బా. దానిని మా కాళ్ల దగ్గర పెట్టుకుంది.

ఆ డబ్బాలో ఏముందో మీకు ఇప్పుడే చెప్పేస్తాను. నాకు మాత్రం అప్పుడు తెలియదు. పాకం అడుగున, ప్లాస్టిక్ సంచిలో చుట్టి, ఆమె గాజులు, గొలుసు ఉన్నాయి. సల్వా ఇంటి గిన్నెలన్నీ కడిగి కొనుక్కున్న బంగారం. అది అమ్మి ఊళ్లో పిండిమిల్లు పెట్టుకోవాలని, ఇక ఒకరి ఇంటి గుమ్మం ముందు నిలబడకూడదని ఆమె పట్టుదల. దారిలో సైనికులు బంగారం, గడియారాలు, రేడియోలు లాక్కుంటున్నారని అందరికీ తెలుసు. కాబట్టి ఆ పిండిమిల్లు ఖర్జూరపు పాకంలో మునిగి, నా బూట్ల పక్కన కూర్చుని ప్రయాణం చేస్తున్నది.

సోమవారం సాయంత్రం, బస్రా దాటాక, బాషా లారీ ఆపి రేడియేటర్ మూత తీశాడు.

"సార్, నీళ్లు తగ్గినాయి సార్. పొద్దున నిండా పోసినా. యాడికి పోయినాయో ఏమో."

"ఆవిరై ఉంటాయి" అన్నాను.

"మూత బిగిచ్చినాక ఆవిరి యాడికి పోతాది సార్? ఎనకాల వాళ్లు చాయ్‌కి తీసుకుంటాండారేమో."

"బాషా, నిరాధారమైన ఆరోపణలు చేయరాదు. విషయాన్ని క్రమపద్ధతిలో పరిశీలించాలి. దానిని నాకు వదిలిపెట్టు."

ఆయన వదిలిపెట్టాడు. మనుషులు నాకు పనులు వదిలిపెట్టినప్పుడల్లా చరిత్ర గతి మారుతుంది.

తెల్లని చేతిరుమాలు తీసుకుని రేడియేటర్, పైపుల అతుకులు, వాటర్ పంపు ఒక్కొక్కటే తుడిచి చూశాను. ఎక్కడా తడి లేదు. ఆ రాత్రి ఇంజను కింద పాత వార్తాపత్రిక పరిచాను. పొద్దున చూస్తే పత్రిక పొడిగా, వడియాల్లా పెళపెళలాడుతున్నది. హీటరును చూడలేదు. ఎందుకు చూస్తాను? వాడుకలో లేదు కదా! చీటీ మీద నా సంతకమే ఉంది. ఆ సంతకాన్ని శంకించడం నాకు చేతకాని పని.

మంగళవారం నా బూటులోని తడి మేజోడు దాటి వేళ్ల సందుల్లోకి వచ్చింది. తీపి వాసన మొదలైంది. కేబిన్ అద్దానికి లోపలి వైపు జిడ్డు పొర పట్టింది. అప్పుడు నేను నా జీవితంలోకెల్లా గొప్ప తర్కాన్ని నిర్మించాను. గమనించండి. లారీ కింద చుక్క లేదు, కనుక లారీ కారడం లేదు. లారీ లోపల తడి ఉంది, కనుక లారీలో ఉన్న వస్తువేదో కారుతున్నది. తడికి తీపి వాసన ఉంది. లారీలో ఉన్న తీపి వస్తువు ఒక్కటే.

నేను మెల్లగా తల తిప్పి డబ్బా వైపు చూశాను.

"లక్ష్మీదేవమ్మా, మీ డబ్బా కారుతున్నది."

"కారదు సారూ."

"తెరిచి చూపించండి."

"తెరవను."

"కారణం?"

"చీమలు పడ్తాయి."

"ఈ కేబిన్‌లో చీమలు లేవు. నేను తనిఖీ చేశాను."

"చీమలు ల్యాకపోతే ఏం, నువ్వు ఉండావు గదా!"

బాషా స్టీరింగు మీద తల పెట్టుకున్నాడు. భుజాలు ఊగుతున్నాయి. దగ్గు అనుకున్నాను.

ఇక్కడ తెలివైన చదువరి ఒక ప్రశ్న వేస్తాడు: అయ్యా, మీ మేజోడుకు అంటిన రంగేమిటి? ఆకుపచ్చ. రేడియేటర్ నీళ్లలో మేమే కలిపిన కూలెంటు, అంటే ఇంజనును చల్లబరిచే తీపి వాసన మందు, దాని రంగేమిటి? ఆకుపచ్చ. ఖర్జూరపు పాకం రంగేమిటి? నలుపు. మరి? మరి ఏముంది, డబ్బా రంగు ఆకుపచ్చ కదా! పాకం కారుతూ కారుతూ డబ్బా రంగును కరిగించుకుని వస్తున్నదని తీర్మానించి, నా సూక్ష్మదృష్టికి నేనే మురిసిపోయాను. అద్దం మీది జిడ్డు పొరకు కూడా కారణం దొరికింది.

"అమ్మా, దయచేసి నిట్టూర్పులు తగ్గించండి. అద్దం మసకబారుతున్నది."

"ఊపిరి గూడా నిన్నడిగే ఇడ్చాల్నా సారూ? ఓ బాషా, ఈ సారును ఎనకాలకు పంపీరాదా?"

"ఎనకాల వాళ్లు ఏం పాపం చేసినారక్కా?" అన్నాడు బాషా.

నా ఆదేశం ప్రకారం డబ్బాను ఆమె ఒడిలో పెట్టుకుంది, పసిబిడ్డను పట్టుకున్నట్టు కొంగు కప్పి. కాళ్ల దగ్గర తడి ఆగలేదు. కింది రబ్బరు చాప పాకం పీల్చుకుని ఉంటుందని చెప్పి చాపను కిటికీలోంచి విసిరేశాను. తడి ఆగలేదు. ఒడిలో ఉన్న డబ్బా నా బూటులోకి ఎలా కారుతుందని ఇంత కూడా ఆలోచించలేదు. డబ్బా కసితో కారుతున్నదనుకున్నాను.

బుధవారం ఉదయం, బాగ్దాద్ దాటాక, ఎడారి రోడ్డు మీద సైనికుల తనిఖీ కేంద్రం వచ్చింది. బస్తాలు పేర్చిన గుడిసె, రోడ్డుకు అడ్డంగా ఒక పీపా. అందరినీ దింపారు. మూటలు విప్పించారు. ఒకాయన ట్రాన్సిస్టరు పోయింది, ఒకాయన గడియారం పోయింది. గడ్డం సరిగ్గా మొలవని ఒక సైనికుడు, చేతిలో సగం తిన్న రొట్టెతో, లక్ష్మీదేవమ్మ ముందు నిలబడి డబ్బా వైపు వేలు చూపించాడు.

"దిబ్స్" అన్నది ఆమె. గొంతులో తడి లేదు. తడంతా నా బూటులో ఉంది.

సైనికుడు తల ఊపి ముందుకు కదిలాడు. అంతటితో అయిపోయేది. పిండిమిల్లు సరిహద్దు దాటిపోయేది. కాని రెండు రోజుల ఉక్రోషం నాలో పేరుకుని ఉంది. అధికారం గల మనిషి ఎదుట నిలిచి ఉన్నాడు. ఫిర్యాదు చేయకుండా ఎలా ఊరుకోవడం? గిడ్డంగిలో నేర్చిన అరబ్బీలో గట్టిగా అన్నాను:

"అయ్యా! ఈ డబ్బాను తమరు పరీక్షించాలి. దీని అడుగున రంధ్రం ఉంది."

లక్ష్మీదేవమ్మ మొహంలో రక్తం ఎటో వెళ్లిపోయింది. బాషా ఒక్క గెంతులో మా మధ్యకు వచ్చాడు. సైనికుడితో అరబ్బీలో గబగబా ఏదో చెప్పాడు. తరువాత నాకు తెలుగులో చెప్పినదేమిటంటే: "ఈ మనిషి ఆకలి మీదుండాడు, పాపం. ఆ యమ్మ పాకం పెట్టలేదని రెండు దినాలుగా ఏడుస్తాండాడు అని చెప్పినా సార్. గమ్మునుండు. నోరు తెరిస్తే నేనే నిన్ను ఈడ ఇడ్సిపెట్టి పోతా."

సైనికుడి కళ్లలో జాలి నిండింది. యుద్ధంలో ఉన్నవాడికి ఆకలి అంటే ఏమిటో తెలుసు. డబ్బా మూత తీసి, తన రొట్టెలోంచి ముక్క తుంచి, పాకంలో ముంచాడు. వేళ్లు మునిగాయి. ఇంకాస్త లోతుకు వెళ్లాయి. లక్ష్మీదేవమ్మ కళ్లు మూసుకుని పెదవులు కదిలిస్తున్నది. రొట్టె పైకి వచ్చింది. దానిని తెచ్చి నా నోట్లో పెట్టాడు.

"కుల్" అన్నాడు. అంటే, తిను.

తిన్నాను. విచారణ మధ్యలో సాక్ష్యాన్ని మింగిన అధికారిని నేనొక్కణ్ణే అయి ఉంటాను.

"రుచి బాగున్నది" అని ఒప్పుకుని, నోరు తుడుచుకుని, "కాని రంధ్రం అడుగున ఉంది" అన్నాను.

బాషా రెండు చేతులతో తల పట్టుకున్నాడు. సైనికుడు మూత బిగించి, డబ్బా పైకెత్తి అడుగు చూశాడు. నేనూ వంగి చూశాను. అడుగు పొడిగా ఉంది. రేకు తళతళలాడుతున్నది. అతను డబ్బాను చెవి దగ్గర పెట్టుకుని ఒకసారి ఊపాడు. లోపల ఏదో బరువుగా "దబ్" మన్నది.

సైనికుడు కనుబొమలు ఎత్తాడు.

"గింజలు" అన్నాడు బాషా, రెప్ప వేయకుండా. "వడకట్టలేదు."

సైనికుడు మొహం చిట్లించాడు. ఖర్జూరాల దేశంలో పుట్టినవాడు. గింజలు తీయని పాకాన్ని క్షమించలేకపోయాడు. డబ్బాను ఆమె చేతిలో పెట్టి, ఇలాంటి పాకం మనుషులు తినేదేనా అన్నట్టు నావైపు చూసి, "ఖలాస్, యల్లా", అంటే ఇక చాలు, కదలండి, అన్నాడు.

లారీ ఎక్కాక నా తనిఖీ పుస్తకంలో రాసుకున్నాను: "పాకంలో గింజలు. నాణ్యత తక్కువ."

లక్ష్మీదేవమ్మ డబ్బాను మళ్లీ కొంగు కింద దాచుకుంది. నా వైపు తిరగలేదు. కొంత దూరం పోయాక వేడి చూపించే ముల్లు ఎర్ర గీత దాటింది. ఇంజను మీది మూత సందుల్లోంచి ఆవిరి బుసలు కొట్టింది.

"సార్, కాగిపోయింది" అన్నాడు బాషా. "ఒక పఠాన్ డ్రైవర్ చెప్తాండె, ఇంజన్ కాగితే హీటర్ తిప్పితే సల్లబడ్తాదంట. నిజమో కాదో తెల్దు."

"సెప్టెంబరు ఎండలో, ఇరాక్ ఎడారిలో, హీటరు!" అని నవ్వాను. "పైగా అది వాడుకలో లేదు."

"నీ చీటీ పీకు సార్, అయిపోతాది గదా!"

ప్రాణాలతో పని కనుక మినహాయింపు ఇచ్చాను. గోరుతో చీటీ నెమ్మదిగా పీకి, తరువాత వేసుకుందామని నా పొడి చెప్పుల జత ఎక్కడుందో చూసుకుని, అంతకుముందే తడిసిన బూట్లు విప్పి, ఉత్త కాళ్లు ఆ పెట్టె కింద హాయిగా చాపుకుని, మీట తిప్పాను.

చదువరులారా, అన్నీ సక్రమంగా చేశాను. వరుస మాత్రం తప్పింది. బూట్లు తరువాత విప్పవలసింది.

పెట్టె అడుగున చిల్లు. ఇన్ని రోజులూ మీట మూసి ఉన్నా కొద్దికొద్దిగా ఊరి నా బూటును తడిపి, అద్దానికి జిడ్డు పట్టించిన నీళ్లు, మీట తెరవగానే ఆకుపచ్చగా, తియ్యని వాసనతో, సలసల కాగుతూ ధారగా నా పాదాల మీద పడ్డాయి. నేను కిటికీలోంచి బయటపడ్డానని బాషా అంటాడు. తలుపులోంచే దిగానని నా జ్ఞాపకం. ఆ ఇసుక పాదాలను చల్లబరిచే ఉద్దేశంతో లేదు. అది కూడా కాలి ఉంది. నేను లారీ చుట్టూ చేసిన గెంతులకు టార్పాలిన్ కింది జనమంతా లేచి నిలబడి చూశారు. కువైట్‌లో సైన్యం దిగాక వాళ్లు నవ్వడం అదే మొదటిసారి.

"కారేది దొరికింది సార్!" అని అరిచాడు బాషా.

"నాకూ తెలిసింది!" అని అరిచాను నేను, గాలిలోంచి.

చివరికి లారీ చక్రం నీడలో కూలబడ్డాను. లక్ష్మీదేవమ్మ డబ్బాతో సహా దిగి వచ్చి నా ముందు నిలబడింది.

"నీ లారీలో కారేదాన్ని ఇడ్సిపెట్టి నా డబ్బా మీద పడితివే సారూ. దీంట్లో ఏముండాదో తెలుసునా? నా గాజులుండాయి. నా గొలుసుండాది. నా పిండిమిల్లు ఉండాది. దాన్ని తీసుకపోయి వాని చేతికిస్తివి. అడుగు గూడా చూడమంటివి. నోట్లో పెట్టించుకోని రుచి గూడా చెప్తివి!"

 నా నోటిలో పాకం రుచి ఇంకా ఉంది.

"ఏం రాసుకుంటివి పుస్తకంలో?" అని అడిగింది.

"గింజలని."

ఆమె నన్ను అలాగే చూసింది. తరువాత మొహం ఒక పక్కకు తిప్పుకుంది. భుజాలు ఊగుతున్నాయి. ఏడుస్తున్నదనుకుని క్షమాపణ మొదలుపెట్టాను. ఏడుపు కాదు.

బాషా హీటరు పైపులు ఊడదీసి, ఇంజనులోంచి నీళ్లు బయటికి వచ్చే చోటునుంచి తిరిగి లోపలికి పోయే చోటుకు ఒకే పైపును వంచి తగిలించి, తీగతో బిగించాడు. హీటరుకు ఇక నీళ్లు అందవు. అందరి తాగునీటి డబ్బాలూ రేడియేటర్‌లో ఒంపాం. లారీ దగ్గి, లేచి, సరిహద్దు దాకా ఒక్క చుక్క కార్చకుండా నడిచింది.

సరిహద్దు అవతలి శిబిరంలో లక్ష్మీదేవమ్మ డేరా వెనుక కూర్చుని గాజులు బయటికి తీసింది. సంచి అంచు ఊడి, పాకం గాజులన్నిటికీ పట్టేసింది. కడగడానికి నీళ్లు లేవు. ఆమె చుట్టూ చూసింది. అధికారుల ముందు నిలబడేటప్పుడు వేసుకోవాలని దాచుకున్న నా తెల్ల చొక్కా కనిపించింది. "ఇట్లా ఇయ్యి సారూ" అన్నది. ఇవ్వకుండా ఎలా ఉంటాను? గాజులన్నీ మెరిసేలా తుడిచి, చొక్కా తిరిగి ఇచ్చింది. ఇసుకా చెమటా పట్టిన నా పాత చొక్కా అట్ట కట్టి ఉంది. కాబట్టి ఆ తెల్ల చొక్కానే, ఇప్పుడు గోధుమ రంగుది, వేసుకుని వరుసలో నిలబడ్డాను. శిబిరంలోని ఈగలన్నీ నాతోపాటు నిలబడ్డాయి.

పేర్లు రాసుకుంటున్న డేరాలో మన దేశపు డాక్టరు గారొకరు ఉన్నారు. పాదాలు చూశారు, చొక్కా చూశారు, ఈగలు చూశారు.

"ఏమైంది?" అని హిందీలో అడిగారు.

"హీటరు వేసుకున్నానండి."

"ఎక్కడ?"

"ఎడారిలో. పగలు."

"ఎందుకు?"

"చల్లబడుతుందని."

ఆయన కలం కింద పెట్టి, ఎంతో మృదువుగా, "మీతో ఎవరైనా ఉన్నారా?" అని అడిగారు. నేను వివరణ ఇవ్వబోయాను. మూడు రోజుల వృత్తాంతం ఆధారాలతో సహా నా దగ్గర సిద్ధంగా ఉంది. ఇంతలో వెనుకనుంచి లక్ష్మీదేవమ్మ ముందుకు వచ్చింది. కొంగు కింద గాజులు.

"నేనుండా సార్. ఈయప్పకు నేనే తోడు" అని వచ్చీరాని హిందీలో చెప్పింది. "ఇట్లే మాట్లాడ్తాడు. పట్టించుకోవాకండి."

రోగులను, వారి తోడు మనుషులను ముందు పంపుతున్నారు. మిగిలినవాళ్లు ఇసుకలో వంతు కోసం కాచుకుని ఉండగా మేమిద్దరం ఆ మరునాటి విమానంలో కూర్చున్నాం. ఆమె పిండిమిల్లు అలా గాలిలో ఎగిరి ఇల్లు చేరింది. ఇప్పటికీ ఆడుతున్నది, మా ఇంటి రాగులు అక్కడే పట్టిస్తాం. బాషా ఆలస్యంగా వచ్చాడు. ఆలస్యంగా వచ్చినందుకు పరిహారంగా ఈ వృత్తాంతాన్ని మూడు మండలాలకు చాటాడు.

నా బాధ అది కాదు. డాక్టరు గారు నా కాగితం మీద ఒక వాక్యం రాశారు: "ఎండకు హీటరు వేసుకున్నానని చెబుతున్నాడు. ఒంటరిగా విడువరాదు." ఆ కాగితం మా ఆవిడ చేతిలో పడింది. నేను ఉప్పు కొనడానికి బయలుదేరినా సరే, బీరువాలోంచి దానిని తీసి చూపించి ఎవరినో ఒకరిని తోడు పంపుతుంది. "రాతపూర్వకంగా ఉంది కదండీ!" అంటుంది. రాతకు నేనెప్పుడూ ఎదురు చెప్పలేనని ఆమెకు తెలుసు.

కాబట్టి ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట తీపి వాసన ఏ వైపునుంచి వచ్చినా, ఆడవాళ్ల డబ్బాల జోలికి పోయేముందు నేను సంతకం చేసిన ప్రతి వస్తువునూ తనిఖీ చేస్తాను. చెప్పులు వేసుకుని మరీ చేస్తాను.

సదరు డాక్టరు గారికి మనవి, కాదు, డిమాండు: తమరు ఎక్కడ ఉన్నా, ఈ వృత్తాంతం అందిన వెంటనే, తమ వాక్యంలోని మొదటి సగం వాస్తవమే అయినా రెండో సగం దాని నుంచి ఎలా తేలిందో కారణాలతో వివరిస్తూ, ఆ రెండో సగాన్ని కొట్టివేస్తూ, సంతకంతో కూడిన లిఖితపూర్వక సమాధానం పంపవలసినది. మౌఖిక సమాధానం చెల్లదు. జవాబును రిజిస్టరు పోస్టులో నా పేరిటే పంపగలరు. దానిని అందుకోవడానికి పోస్టాఫీసుకు మా మనవడి తోడుతో వస్తాను.